క్షణజీవులగు ఐసోటోపుల ఏరివేత

మహబూబాబాదు జిల్లాలోని డోర్నకల్లు కూడలినుండి చీలి గోదావరివైపు సాగు రైలుమార్గము చివర, మణుగూరు ప్రాంతమున, 1991లో ఆరంభమైన భారజల కర్మాగారము కలదు. సాధారణజలమునందలి హైడ్రోజను పరమాణువులలో సుమారు 7000కు ఒక్కటిగా దాగియున్న డ్యుటీరియమును, హైడ్రోజన్ సల్ఫైడు వాయువు సాయమున, ఎత్తైన గోపురములలో మరల మరల మార్పిడి చేయుచు అచట వేరుచేయుదురు. డ్యుటీరియము రెండింతలు బరువైనదియు, శాశ్వతమైనదియు అగుటచేతనే ఆ ప్రయాస ఫలించుచున్నది.

సెకనులో పదవవంతైనను జీవింపని ఐసోటోపునకు అంత వ్యవధి యెక్కడిది? అమెరికాలోని మిచిగన్ రాష్ట్రమున 2022లో పనిచేయనారంభించిన ఫ్రిబ్ యంత్రాగారమునందు, కాంతివేగములో సగమును మించిన వేగముతో భారకేంద్రకములను కర్బనఫలకమునకు తాకింపగా, అవి ముక్కలై, బహుజాతుల కేంద్రకములు కలగాపులగముగా ముందునకు దూసికొనిపోవును. కోరిన జాతి యొక్కటి, తక్కినదంతయు కల్మషమే. ఏరివేత పరుగులోనే జరుగవలెను.

మొదటి సాధనము అయస్కాంతము. విద్యుదావేశముగల కణము అయస్కాంతక్షేత్రమున ఎంత వంగునో దాని ద్రవ్యవేగమును, ఆవేశమును నిర్ణయించును. ప్రాగులోను, లివర్‌పూలులోను పరిశోధించివచ్చి ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో కేంద్రకభౌతికశాస్త్రమునకు పాదుకొల్పిన స్వామి జ్ఞానానంద బీటాకణముల పరిశీలనకు ఆశ్రయించినదియు ఈ సూత్రమునే.

కాని జనగామ పల్లెల కళ్లములలో తూర్పారబట్టునప్పుడు పొల్లు ఎగిరిపోయినను, గింజబరువుగల మట్టిబెడ్డ ధాన్యముతోడనే రాలునుగదా. అయస్కాంతమునకును ఇదే చిక్కు. ఆక్సిజన్-24, ఫ్లోరిన్-27, నియాన్-30లను చూడుడు. వాని ఆవేశములు వరుసగా 8, 9, 10. ద్రవ్యసంఖ్యను ఆవేశముచే భాగింపగా మూడింటికిని వచ్చునది 3 మాత్రమే. సమానవేగమున వచ్చు ఈ మూడును ఒకే త్రోవను వంగును.

ఇచటి ఉపాయము నాకత్యంత రమణీయముగ తోచును. ఒకవైపు దళసరిగను, మరొకవైపు పలుచగను ఉండు అల్యూమినియపు బిళ్లను వాని దారిలో నిలుపుదురు. లోహమును దాటునప్పుడు కేంద్రకము కోల్పోవు శక్తి ఆవేశముయొక్క వర్గము ననుసరించును: ఆక్సిజనుకు 64 పాళ్లైనచో ఫ్లోరినుకు 81, నియానుకు 100. బరువులలోని భేదమును లెక్కించినను నియానే అధికముగ మందగించును. వేగములు వేరైనవి కనుక రెండవ అయస్కాంతమున త్రోవలును వేరగును. కోరినదానికి సన్నని సందు విడిచి, తక్కినవానిని లోహపుదిమ్మెలు అడ్డగించును. అప్పటికిని మిగిలిన కల్తీని, ఒక్కొక్క కేంద్రకముయొక్క ప్రయాణకాలమును, శక్తినష్టమును కొలిచి గుర్తింతురు.

మన దేశమున న్యూఢిల్లీలోని అంతర విశ్వవిద్యాలయ త్వరణి కేంద్రమునందు లిథియమ్-7 పుంజమును హైడ్రోజనుగల పాలిథీను పొరపై ప్రయోగించి బెరిలియమ్-7 పుంజమును సాధించిరి. అచట వదలించుకొనవలసిన కల్మషము, తాకిడికి లోనుగాక దూసివచ్చు అపారమైన లిథియమే; దానిని వేరుపరచినది హిరా యను పరికరము. సూర్యగర్భమున ప్రోటానును కలుపుకొని బోరాన్-8గా మారునదియు ఈ బెరిలియమ్-7 యే కనుక, సూర్యునినుండి వచ్చు న్యూట్రినోలను లెక్కించువారికి ఇట్టి శుద్ధపుంజముతో మిక్కిలి పని కలదు.