చెరువు గట్టు మీద పంజా గుర్తు కనిపిస్తే ఏం చేయాలి?

కాకినాడ, కోనసీమ జిల్లాల్లో గోదావరి పాయలు సముద్రంలో కలిసే చోట వరి పొలాలు, చేపల చెరువులు, రొయ్యల చెరువులు, మడ అడవులు పక్కపక్కనే ఉంటాయి. ఇక్కడి కోరింగ అభయారణ్యాన్ని 1978లో ప్రకటించారు. దాని విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లు. దేశంలో తగ్గిపోతున్న రెండు జంతువులకు ఇది ఆశ్రయం. ఒకటి బావురు పిల్లి, రెండోది నీటికుక్క. ఈ జంతువులు అభయారణ్యం హద్దు దగ్గర ఆగవు. రాత్రిపూట మన గట్ల మీదకూ వస్తాయి. అందుకే వీటి గురించి, వీటి కోసం పనిచేసే నిపుణుల గురించి ఏటిగట్టు రైతులు తెలుసుకోవాలి.

ఒక రైతు అనుభవం

కొన్నేళ్ల క్రితం ఎకరం చెరువు కౌలుకు చేస్తున్న ఒక రైతు నాకు ఫోన్ చేశారు. "సార్, బొచ్చెలు రోజూ పోతున్నాయి. గట్టు మీద పంజా గుర్తులున్నాయి. ఈ రాత్రికి కరెంటు తీగ లాగేస్తాను" అన్నారు. అంతకు ముందు ఇలాంటి ఫోన్లు వస్తే "అది అటవీ శాఖ పని" అని నేనూ వదిలేసేవాడిని. ఆ రోజు మాత్రం వెళ్లాను. అటవీ బీటు అధికారినీ, మత్స్య సహాయకుడినీ వెంట తీసుకెళ్లాను.

గట్టు మీద పిల్లి గుర్తులున్న మాట నిజమే. అయితే తెల్లవారుజామున చేపలు నీటి పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. చెరువులో పిల్లల సంఖ్య ఎక్కువైంది, మేతా ఎక్కువైంది. దాంతో ప్రాణవాయువు తగ్గి చేపలు చనిపోతున్నాయి. ఒడ్డుకు కొట్టుకొచ్చిన చేపల కోసం పిల్లి వస్తోంది. తీగ లాగి ఉంటే పిల్లి చచ్చేది, చేపల చావు ఆగేది కాదు. తెల్లవారుజామున మేత వేయడానికి వచ్చే ఆయన కొడుకుకూ ఆ తీగతో ప్రమాదమే.

ఎవరు వచ్చారో గుర్తుపట్టండి

- బావురు పిల్లి: ఇంటి పిల్లికి దాదాపు రెట్టింపు ఉంటుంది. బూడిద రంగు ఒంటి మీద నల్లటి మచ్చలు, పొట్టి తోక. బురదలో నాలుగు వేళ్ల గుర్తు పడుతుంది. ఎక్కువగా రాత్రి ఒంటరిగా తిరుగుతుంది. చేపలు, పీతలతో పాటు ఎలుకలనూ తింటుంది.
- నీటికుక్క: గుంపుగా తిరుగుతుంది. ఐదు వేళ్లు, వాటి మధ్య పొర ఉంటుంది. ఒకే చోట మలం వేస్తుంది, అందులో చేప పొలుసులు కనిపిస్తాయి. రోజుకు సుమారు కిలో చేపలు తింటుంది కాబట్టి గుంపు దిగితే చిన్న చెరువుకు నష్టం తెలుస్తుంది.

నిపుణులు చేసే పని ఏమిటి?

జంతువులు తిరిగే దారుల్లో కెమెరాలు కడతారు. ప్రతి బావురు పిల్లి ఒంటి మచ్చలు వేరుగా ఉంటాయి. ఫొటోలు పోల్చి ఎన్ని పిల్లులున్నాయో అంచనా వేస్తారు. మలాన్ని పరీక్షించి ఏం తింటున్నాయో తెలుసుకుంటారు. మీ గట్టు దగ్గర కెమెరా కనిపిస్తే తీయకండి. అది మీ మీద నిఘా కాదు.

ఇంకొందరు ఆ జీవులు బతికే చోటును బాగు చేస్తారు. మడ చెట్లు పోయిన నేల మధ్యలో పళ్లెంలా కుంగుతుంది. పోటుకు లోపలికి వచ్చిన ఉప్పు నీరు పాటుకు తిరిగి వెళ్లదు. ఎండకు ఆవిరై నేలలో ఉప్పు పేరుకుంటుంది. మొక్క నాటినా బతకదు. 1990ల చివర ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ, అటవీ శాఖ, గ్రామస్తులు కలిసి గోదావరి, కృష్ణా మడ అడవుల్లో చేప ముల్లు ఆకారంలో కాలువలు తవ్వించారు. మధ్యలో పెద్ద కాలువ, దానికి రెండు వైపులా ఏటవాలుగా పిల్ల కాలువలు. పోటు నీరు వచ్చి పోతూ ఉప్పును కడిగేసింది. కాలువ ఒడ్డున నాటిన మడ మొక్కలు నిలిచాయి.

చౌడు నేలకు మనం చేసేదీ ఇదే కదా. నీరు పెట్టి, మురుగు కాలువ తీసి, ఉప్పును బయటకు పంపుతాం. మడ చెట్లు నిలిస్తే గట్టు కోత తగ్గుతుంది, తుఫాను అలల తాకిడి తగ్గుతుంది, చేప పిల్లలు, పీతలు పెరుగుతాయి. వాటిని తినే జంతువులకు ఏటిలోనే ఆహారం దొరుకుతుంది.

చెరువు రైతులు పాటించాల్సినవి

1. చెరువు చుట్టూ మూడు, నాలుగు అడుగుల ఎత్తున నైలాన్ వల కట్టండి. అడుగు భాగాన్ని అర అడుగు లోతున మట్టిలో పాతండి. నష్టం పూర్తిగా ఆగుతుందని చెప్పను గానీ బాగా తగ్గుతుంది.
2. గట్టు లోపలి వైపు తుప్పలు నరికి శుభ్రంగా ఉంచండి. బయట ఏటి ఒడ్డున ఉన్న మడ చెట్లను మాత్రం ముట్టుకోవద్దు.
3. చచ్చిన చేపలను గట్టు మీద పారేయకుండా దూరంగా పాతిపెట్టండి. ఒకసారి రుచి మరిగిన జంతువు మళ్లీ వస్తుంది.
4. పట్టుబడికి ముందు రెండు, మూడు వారాలు రాత్రి కాపలా, లైటు ఉంచండి.
5. తెల్లవారుజామున చేపలు పైకి వస్తుంటే ముందు మేత ఆపి, నీరు మార్చి, మత్స్య సహాయకుడిని పిలవండి.

వరి రైతులు పాటించాల్సినవి

కార్బోఫ్యూరాన్ గుళికలు వేసిన మడి నీటిని వెంటనే డ్రెయిన్‌లోకి వదలకండి. సైపర్‌మెత్రిన్, లామ్డా సైహలోత్రిన్ వంటి మందులు చేపలకు, రొయ్యలకు చాలా ప్రమాదకరం. స్ప్రేయర్లు, డబ్బాలు కాలువలో కడగవద్దు. ఆ నీరు చివరకు చేరేది పక్క రైతు చెరువులోకో, ఏటిలోకో. విషం పెట్టిన ఎరతో చచ్చిన ఎలుకలను వెతికి పాతిపెట్టండి. వాటిని తిన్న పిల్లి, గుడ్లగూబ కూడా చనిపోవచ్చు.

చట్టం ఏం చెబుతోంది?

బావురు పిల్లి వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లోని మొదటి షెడ్యూల్‌లో ఉంది. దాన్ని చంపితే మూడేళ్ల నుంచి ఏడేళ్ల వరకు జైలు, కనీసం 25,000 రూపాయల జరిమానా. నీటికుక్కను చంపినా నేరమే. గట్టుకు కరెంటు తీగ లాగడం వేరే నేరం. ఆ తీగకు మనిషి చనిపోతే ఆ కుటుంబంతో పాటు తీగ లాగిన రైతు కుటుంబమూ వీధిన పడుతుంది.

ఎవరికి చెప్పాలి?

గుర్తులు కనిపించిన రోజే పక్కన ఒక అగ్గిపెట్టె పెట్టి ఫోన్‌లో ఫొటో తీయండి, కొలత తెలుస్తుంది. తేదీ, పోయిన చేపల అంచనా రాసి పెట్టుకోండి. రైతు సేవా కేంద్రంలోని వ్యవసాయ లేదా మత్స్య సహాయకుడికి, అటవీ రేంజి కార్యాలయానికి చెప్పండి. గాయపడిన జంతువునో, తల్లి లేని పిల్లలనో చూస్తే చేత్తో పట్టుకోకండి, దూరంగా నిలబడి కబురు చేయండి. తల్లి దగ్గర్లోనే ఉండవచ్చు.

నిపుణులు ఏడాదిలో కొన్ని రోజులే మీ గట్టుకు రాగలరు. మీరు రోజూ అక్కడే ఉంటారు. ఏటిలో నీరు ఎప్పుడు తగ్గింది, గట్టు ఎక్కడ కోసుకుపోతోంది, ఏ జంతువు ఎటు నుంచి వస్తోంది అన్నది మీకే ముందు తెలుస్తుంది. వాళ్లు ఊరికి వచ్చినప్పుడు ఆ సంగతులు చెప్పండి, మీ నష్టం కూడా దాచకుండా చెప్పండి. నేను చెప్పిన ఆ కౌలు రైతు వల కట్టి, పిల్లల సంఖ్య తగ్గించి, ఇప్పటికీ అదే చెరువు చేస్తున్నారు. పిల్లి అప్పుడప్పుడు వస్తూనే ఉందట.