పౌలు రాసిన ప్రాంసరీ నోటు

అపొస్తలుడైన పౌలు చెరలో ఉండి రాసిన పత్రికల్లో అతి చిన్నది ఫిలేమోను పత్రిక. మొత్తం 25 వచనాలే. యజమానిని విడిచి వచ్చిన ఒనేసిము అనే దాసుడు, బంధకాల్లో ఉన్న పౌలు ద్వారా విశ్వాసి అయ్యాడు. అతన్ని తిరిగి యజమాని దగ్గరికి పంపుతూ పౌలు ప్రేమ గురించి, క్షమాపణ గురించి రాసి ఊరుకోలేదు. ఇతను నీకేమైనా బాకీ ఉంటే నా లెక్కలో వేసుకో, నేను తీరుస్తానని స్వహస్తంతో రాసిచ్చాడు. మన సీమ భాషలో చెప్పాలంటే ప్రాంసరీ నోటే రాశాడు.

కర్నూలు, కడప పల్లెల్లో ఆ కాగితం సంగతి తెలియని ఇల్లు అరుదు. వేరుశనగ ఎండినా, బోరులో నీళ్లు పడకపోయినా నోటు రాయాల్సిందే. ఇంటిపెద్ద జైలుకెళితే లాయరు ఫీజుకు, కడప కేంద్ర కారాగారానికి ములాఖత్‌కు వెళ్లొచ్చే బస్సు చార్జీలకు ఇల్లాలు రాసేదీ అదే. ఆయన లోపల శిక్ష అనుభవిస్తుంటే బయట వడ్డీ పెరుగుతూనే ఉంటుంది.

నూటికి మూడు రూపాయల వడ్డీకి 10,000 తెస్తే నెలకు 300. మూడేళ్లకు వడ్డీ 10,800, అసలును మించింది. నోటుకు కాలపరిమితి మూడేళ్లు గనుక ఆలోగా 20,800కు కొత్త నోటు రాయించుకుంటారు. ఇక నెల వడ్డీ 624. కొత్తగా పైసా చేతికి రాకుండానే అప్పు రెండింతలు దాటింది. 1822లో లండన్ మిషన్ వారు కడపకు వచ్చిన నాటి నుంచి వేలిముద్ర వేసే చేతికి అక్షరం నేర్పిన ఘనత మన సంఘాలది. మరి ఈ లెక్క నేర్పేదెవరు?

క్రిస్మస్‌కు జైళ్లకు కేకులు, పండ్లు, కొత్త నిబంధన ప్రతులు తీసుకెళుతున్నాం. మంచిదే. చెరలో ఉన్నవారిని చూడబోవడం తనను చూడబోవడమేనని ప్రభువే చెప్పాడు (మత్తయి 25). కానీ విడుదలై ఊరు చేరిన మనిషి గడప ముందు మొదట నిలిచేది అప్పులవాడు. ఆ రోజుకు అతన్ని సిద్ధం చేయడమూ పరిచర్యేనని మేమంటాం.

రాత పూర్తికాని నోటుపై సంతకం పెట్టొద్దని చెప్పాలి. స్టాంపు ఉన్న ఖాళీ నోటుపై సంతకం చేసిస్తే, దాన్ని పూరించుకునే అధికారం ఎదుటివారికి ఇచ్చినట్టేనని 1881 నాటి చట్టం అంటుంది. కట్టిన ప్రతిసారీ నోటు వెనుక చెల్లు వేయించుకోవాలి. చెల్లుతో గడువు మళ్లీ మొదలవుతుందన్నది నిజమే. అయితే అది లేకపోతే కట్టిన సొమ్ముకు సాక్ష్యమేదీ? అప్పు తీరిన నాడు నోటు వెనక్కి తీసుకోకుండా ఇంటికి రాకూడదు.

ఖైదీ పనికి న్యాయమైన కూలి ఇవ్వాలని సుప్రీంకోర్టు 1998లో చెప్పింది. అందులో కొంత బాధితులకు కేటాయించేలా చట్టం తేవాలనీ సూచించింది. 2014లో వచ్చిన జన్‌ధన్ ఖాతాకు కనీస నిల్వ అక్కర్లేదు. కూలిలోంచి నెలకు 300 ఇల్లాలి ఖాతాకు చేరి, వడ్డీ కింద జమ అయితే ఆ 10,000 అక్కడే ఆగుతుంది. నోటుపై సంతకం చాలాసార్లు ఆమెదే. కాబట్టి పాఠం జైలు గదిలో ఒకటి, మన స్త్రీల మైత్రి కూడికలో ఇంకొకటి జరగాలి. లీడ్ బ్యాంకుల ఆర్థిక అక్షరాస్యత కేంద్రాలు ఉన్నది ఇందుకే. పాస్టరుగారు ఒకసారి వెళ్లి అడిగితే బాగుంటుంది.

ఫిలేమోను ఆ బాకీ వసూలు చేశాడో లేదో బైబిల్లో లేదు. పౌలు మాత్రం అదే ఉత్తరంలో, తానూ వస్తానని ఆశిస్తున్నానని, బస సిద్ధం చేయమని రాశాడు.