కబురు చేరాలంటే చిరునామా ఉండాలి

మా ఇంటి కంప్యూటర్‌లో లినక్స్ ఉంది. పిల్లల ఫొటోలు, ఇంటి పత్రాలు రోజూ బ్యాకప్ అయ్యేందుకు తెర వెనుక ఒక సర్వీస్ నడుస్తుంటుంది. డిస్క్ నిండి బ్యాకప్ ఆగిపోతే ఆ సంగతి తెర మీద కనిపించాలి. కానీ మామూలు సిస్టమ్ సర్వీస్ పెట్టే కబురు అలా తేలిగ్గా తెర మీదికి రాదు.

కారణం మన బ్యాంకు కుటుంబాలకు తెలిసిన లాంటిదే. ఖాతాకు మొబైల్ నంబరు జతచేయకపోతే ఎస్సెమ్మెస్ ఎవరికి వెళ్తుంది? సిస్టమ్ సర్వీస్ ఎవరూ లాగిన్ కాకముందే మొదలవుతుంది. నోటిఫికేషన్లు వెళ్లే ‘డీ-బస్’ దారి మాత్రం లాగిన్ అయిన ఒక్కొక్కరికి ఒక్కొక్కటి ఉంటుంది. ఎవరి దారి పట్టాలో సర్వీస్‌కు తెలియదు.

ఉపాయాలు రెండు. ‘నోటిఫై-సెండ్’ కమాండ్‌ను ఆ యూజర్ పేరుతో, వాళ్ల బస్ చిరునామా ఇచ్చి నడపడం ఒకటి. చాలా కంప్యూటర్లలో మొదటి యూజర్ సంఖ్య 1000; చిరునామాలో అదే వస్తుంది. బ్యాకప్‌నే ‘సిస్టమ్‌డీ’లో యూజర్ సర్వీస్‌గా పెట్టుకోవడం రెండోది. సొంత ఫైళ్లకు నేను దీన్నే వాడతాను. రూట్ అధికారం అక్కర్లేదు.

అయినా, మనం తెర ముందు లేనప్పుడు వచ్చిన కబురు కంటబడకపోవచ్చు. కబురు రాలేదు కాబట్టి అంతా క్షేమమే అనుకోకండి. నెలకోసారి బ్యాకప్‌లోంచి ఒక ఫొటో తెరిచి చూడండి.