గోడరాతల నుంచి గోడపత్రిక వరకు

ఏ ఉన్నత పాఠశాలకు వెళ్ళినా బెంచీల మీద కంపాసు ముల్లుతో చెక్కిన పేర్లు, బాణం గుచ్చిన హృదయాలు, మరుగుదొడ్ల గోడల మీద బొగ్గుతో గీసిన బొమ్మలు మీకు కనిపిస్తాయి. వేసవి సెలవుల్లో సున్నం వేయిస్తే దసరా నాటికి గోడ మళ్ళీ నిండిపోతుంది. ఈ రాతలను ఎలా అర్థం చేసుకోవాలో, పిల్లల ఉత్సాహాన్ని ఎటు మళ్ళించవచ్చో ఈ భాగంలో పరిశీలిద్దాం.

ఒక విషయం గమనించండి. పరీక్షలో నాలుగు వాక్యాలు రాయడానికి బద్ధకించే విద్యార్థి, బెంచీ మీద తన పేరు చెక్కడానికి వారం రోజులు ఓపిగ్గా శ్రమిస్తాడు. నోటుబుక్కును ఉపాధ్యాయుడొక్కడే చూస్తాడు, అదీ తప్పులు వెతకడానికి. బెంచీని తరగతి అంతా చూస్తుంది. కౌమారదశలో తోటివారి గుర్తింపు ఎంత ముఖ్యమో మీరు మనోవిజ్ఞానశాస్త్ర పాఠాల్లో చదివే ఉంటారు.

అయితే రాతలన్నిటినీ ఒకే గాటన కట్టకూడదు. ఒక విద్యార్థిని పేరుతో అసభ్యంగా రాసినా, ఒక కులాన్నో మతాన్నో కించపరిచినా ఆ రాత మర్నాటి దాకా ఉండకూడదు. దాన్ని చూసిన అమ్మాయి బడికి రావడం మానేయవచ్చు. ఇంట్లో తెలిస్తే చదువే ఆగిపోవచ్చు. ఆమెతో ఒక ఉపాధ్యాయిని విడిగా మాట్లాడాలి. ప్రార్థన సమావేశంలో ఆ సంగతి ఎత్తితే ఆమెను రెండోసారి అవమానించినట్లవుతుంది. రాసినవాణ్ణి కొట్టడానికి కూడా వీల్లేదు: విద్యాహక్కు చట్టం, 2009లోని 17వ సెక్షన్ శారీరక దండననూ మానసిక వేధింపునూ నిషేధించింది.

మిగిలిన రాతలను మళ్ళించవచ్చు. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో 1984లో మేయర్ విల్సన్ గూడ్ గోడరాతల నివారణకు ఒక కార్యక్రమం ప్రారంభించాడు. అందులో పనిచేసిన చిత్రకారిణి జేన్ గోల్డెన్, గోడలు పాడుచేసే యువకుల చేతనే కుడ్యచిత్రాలు వేయించింది. ఆ నగరంలో ఈనాడు వేలాది కుడ్యచిత్రాలున్నాయి. మన బడుల్లో రంగులకు డబ్బెక్కడిదని మీరడగవచ్చు. గోడపత్రికతో మొదలుపెట్టండి.

గోడపత్రిక మనకు కొత్త కాదు. కానీ చాలాచోట్ల అది ప్రధానోపాధ్యాయుడి గది పక్కన ఉంటుంది. చేతిరాత బాగున్న ముగ్గురు నలుగురు పిల్లల రచనలే అందులో కనిపిస్తాయి. పంద్రాగస్టుకు అంటించిన కాగితాలు సంక్రాంతి దాకా వెలిసిపోతూ వేలాడతాయి. తనిఖీకి వచ్చినవారికి చూపించడానికి తప్ప అది ఎందుకూ కొరగాదు. బెంచీ చెక్కే విద్యార్థికి అందులో చోటే దొరకదు.

కనుక స్థలాన్ని మార్చండి. కుళాయి దగ్గరో, మధ్యాహ్న భోజనం వడ్డించే వరండాలోనో పిల్లల చేతికందే ఎత్తులో ఆరడుగుల గోడకు నల్లరంగు వేయించి, సుద్దముక్కలు అక్కడే ఉంచండి. ప్రతి శనివారం గోడ తుడవాలి. తుడిచేముందు బాగున్నవాటిని కాగితం మీదికి ఎక్కించి పత్రికలో పెట్టే పని పిల్లల సంపాదక బృందానిది. ఆ బృందం నెలనెలా మారాలి. వెనక బెంచీవారికీ వంతు రావాలి. నియమం ఒక్కటే, రాసినవారు పేరు రాయాలి. పేరు రాయాల్సి వచ్చినప్పుడు తిట్లు చాలావరకు ఆగిపోతాయి. పేరు చెప్పుకోలేని బాధలు కూడా ఉంటాయి కాబట్టి, పక్కనే తాళం వేసిన ఫిర్యాదుల పెట్టె ఒకటి ఉంచండి. అక్షరదోషాలను గోడ మీద అందరి ముందూ దిద్దవద్దు. వాటిని తరగతిలో చెప్పుకోవచ్చు.

అసలు పరీక్ష మీకు ఎదురయ్యేది, ఎవరో పేరు పెట్టి మరీ ‘సాంబారు నీళ్ళలా ఉంది’ అని రాసిన రోజున. దాన్ని మీరు తుడిచేస్తే ఆ వాక్యం మర్నాడు మరుగుదొడ్డి గోడ మీద, పేరు లేకుండా ప్రత్యక్షమవుతుంది. తుడవకుండా వంటగదిలోకి వెళ్ళి సాంబారు రుచి చూడండి.

కృత్యం: మీరు బోధనాభ్యాసం చేస్తున్న పాఠశాలలో ఏదైనా ఒక తరగతి బెంచీల మీది రాతలను, వ్యక్తుల పేర్లు వదిలేసి, నమోదు చేయండి. వాటిని బొమ్మలు, హాస్యం, ఫిర్యాదు, దూషణగా విభజించండి. ఫిర్యాదుల్లో నిజమెంతో విచారించి, సంపర్క తరగతిలో చర్చించండి.