కనుమరుగవుతున్న జట్కావాలాల అశ్వవిద్య

ఒకప్పుడు కోస్తా పట్టణాల్లో రైల్వే స్టేషను బయట జట్కాబండ్లు బారులు తీరి ఉండేవి. ఆసుపత్రికైనా, సినిమాకైనా, పెళ్ళివారి విడిదికైనా జట్కాయే దిక్కు. ముందు రిక్షాలు, ఆపైన ఆటోలు వచ్చి వాటి బేరం లాగేసుకున్నాయి. కాలం మారింది కనుక బండి పోయిందని సరిపెట్టుకోవచ్చు. తండ్రి నుంచి కొడుక్కి సంక్రమించిన అశ్వవిద్య కూడా దానితోపాటే పోతుండడం విచారకరం.

జట్కా తోలడమంటే చెర్నాకోల ఝళిపించడమేనని చాలామంది అనుకుంటారు. నిజానికి తోలేవాడి నేర్పు బండి కదలకముందే బయటపడేది.

'కాస్త ముందుకు జరగండి'

జట్కా ఎక్కినవారికి ఈ మాట పరిచయమే. అది చోటు కోసం అన్న మాట కాదు. రెండు చక్రాల బండిలో బరువు వెనక్కి పడితే ముందు కర్రలు పైకి లేచి, గుర్రం పొట్ట కింది పట్టీ బిగుసుకుంటుంది. ముందుకు పడితే భారమంతా దాని వీపు మీదికి వస్తుంది. తూకం కుదిరితేనే గుర్రం హాయిగా లాగగలుగుతుంది. ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టాలో, మెరక ఎక్కేటప్పుడు ఎవరిని ముందుకు జరపాలో అనుభవజ్ఞుడు చూపుతోనే అంచనా కట్టేవాడు.

గుర్రానికి కళ్ళు తలకు ఇరుపక్కలా ఉంటాయి. సరిగ్గా తన వెనుక ఉన్నది దానికి కనబడదు. అందుకే తెలిసినవారు చప్పుడు లేకుండా వెనుక నుంచి వెళ్ళరు. పలకరిస్తూ భుజం పక్కగా వెళతారు. చెవులు వెనక్కి అణిచిందంటే కోపంగా ఉన్నదని, ముందుకు నిక్కించిందంటే దేనినో గమనిస్తున్నదని గ్రహిస్తారు. పక్కనుంచి దూసుకొచ్చే వాహనాలకు బెదరకుండా గంతలు కడతారు.

గిట్టలోనే ప్రాణం

గిట్ట మన గోరులాగే పెరుగుతుంది. నాలుగు నుంచి ఆరు వారాలకొకసారి నాడాలు ఊడదీసి, గిట్ట చెక్కి, తిరిగి కొట్టాలి. మేకు నొప్పి తెలియని గట్టి అంచులోనే దిగాలి. కాస్త లోపలికి పోయిందా, గుర్రం కుంటుతుంది. సుత్తి చప్పుడులో తేడాను బట్టి మేకు ఎటు పోతున్నదో చెప్పగల పనివారు ఉండేవారు.

మేత విషయమూ అంతే. గుర్రం కడుపు దాని ఒంటితో పోలిస్తే చిన్నది. పైగా అది వాంతి చేసుకోలేదు. ఒకేసారి దాణా ఎక్కువైతే కడుపుశూల వచ్చి ప్రాణం మీదికి వస్తుంది. గడ్డి అయినా, నానబెట్టిన ఉలవలైనా కొద్దికొద్దిగా పలుమార్లు పెట్టవలసిందే. 'గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు' అన్న సామెత ఊరికే పుట్టలేదు. బేరం లేని రోజున కూడా దాని కడుపు నింపవలసిందే కదా!

నేర్పేవారెవరు?

2019 పశుగణన ప్రకారం దేశంలో గుర్రాలు, పొట్టిగుర్రాలు కలిపి దాదాపు 3.4 లక్షలు. 2012తో పోలిస్తే 45 శాతానికి పైగా తగ్గాయి. హైదరాబాదులోని జాతీయ పోలీసు అకాడమీలో ఐ.పి.ఎస్. శిక్షణార్థులకు స్వారీ నేర్పుతారు. మలక్‌పేట రేసుకోర్సు గుర్రాలకు శిక్షకులు ఉన్నారు. పెళ్ళి ఊరేగింపులకు అద్దెకు తిరిగే గుర్రానికి మాత్రం పగ్గం పట్టినవాడి తెలివే రక్ష. బ్యాండు మోత, టపాకాయల పొగ, తారురోడ్డు మీద గంటల తరబడి నిలుపుడు దానికి తప్పడం లేదు. పట్టినవానికి పని తెలియకపోతే ఆ బాధ నోరులేని జీవమే పడాలి.

బండి లాగే, బరువు మోసే జంతువుల కోసం 1965లోనే నిబంధనలు వచ్చాయి. వాటి ప్రకారం రోజుకు తొమ్మిది గంటలకు మించి, విశ్రాంతి లేకుండా ఐదు గంటలకు మించి పని చేయించరాదు. ఎండ 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు వాటిని వాడరాదు. మన వేసవిలో ఈ నియమం ఎంత అవసరమో వేరే చెప్పనక్కరలేదు.

అయితే గిట్ట చెక్కడం, చెవుల కదలిక చదవడం నిబంధనలతో వచ్చే విద్యలు కావు. చేయి పట్టి నేర్పవలసినవి. పశుసంవర్ధక శాఖవారు అప్పుడప్పుడు శిబిరాలు పెట్టి, వయసు మళ్ళిన జట్కావాలాల చేత, నాడాలు కొట్టేవారి చేత నేటి గుర్రాల యజమానులకు ఈ పని నేర్పిస్తే మంచిది. వారు ఉండగానే ఆ పని జరగాలి.