బ్రాడ్‌ఫోర్క్

బ్రాడ్‌ఫోర్క్ అనేది నేలను దున్నకుండా, మట్టిని తిరగవేయకుండా, ఉన్నచోటనే వదులు చేయుటకు వాడే ఒక చేతి పనిముట్టు. ఒక అడ్డకమ్మీకి వరుసగా బిగించిన పొడవాటి ఇనుప పళ్ళు, ఆ కమ్మీ రెండు చివరల నుండి పైకి లేచిన రెండు నిలువు పిడులు - స్థూలంగా దీని రూపం ఇంతే. దీనిని నడుపుటకు యంత్రం గాని, ఎడ్లు గాని అవసరం లేదు. మనిషి బరువు, చేతుల బలం చాలు. కూరగాయల మడులలోను, పెరటి తోటలలోను, చిన్న సేంద్రియ క్షేత్రాలలోను దీనిని ఎక్కువగా వాడతారు.

ఫ్రాన్సులో దీనిని గ్రెలినెట్ అని వ్యవహరిస్తారు. తెలుగులో దీనికి స్థిరపడిన పేరు లేదు. పళ్ళ వరుసను చూస్తే గొర్రు గుర్తుకు వస్తుంది గాని, ఇది చేసే పని గడ్డపారతో మట్టిని పెకలించే పనికి దగ్గరగా ఉంటుంది. తేడా ఏమిటంటే గడ్డపార మట్టిని పెళ్ళగించి బయట వేస్తుంది. బ్రాడ్‌ఫోర్క్ మట్టిని కొద్దిగా పైకి లేపి, పగుళ్ళు వచ్చిన తరువాత మళ్ళీ అక్కడే వదిలివేస్తుంది.

చరిత్ర

ఈ పనిముట్టును రూపొందించినవాడు ఫ్రాన్సు దేశంలోని సవోయ్ ప్రాంతానికి చెందిన ఆంద్రే గ్రెలిన్. గ్రెలినెట్ అన్న మాట ఆయన ఇంటిపేరు నుండి వచ్చినదే. 1960వ దశకంలో ఇది అక్కడి తోటమాలులలో వ్యాప్తి చెందినది. అమెరికాలో దీనిని ప్రచారంలోకి తెచ్చినవారిలో ముఖ్యుడు మెయిన్ రాష్ట్రంలో కూరగాయలు పండించే ఎలియట్ కోల్‌మన్. 1989లో వెలువడిన ఆయన గ్రంథం 'ది న్యూ ఆర్గానిక్ గ్రోయర్' చిన్న రైతులలో బాగా చదవబడినది. కెనడాలోని క్యుబెక్ రాష్ట్రంలో జాన్-మార్టిన్ ఫోర్టియే దంపతులు 2004లో నెలకొల్పిన కూరగాయల క్షేత్రానికి ఏకంగా 'గ్రెలినెట్ తోటలు' అని అర్థం వచ్చే పేరు పెట్టుకున్నారు. ఒక పనిముట్టు పేరు క్షేత్రానికి పెట్టడం అరుదైన విషయమే. ట్రాక్టరు లేకుండా సుమారు ఎకరంన్నర నేలలో కూరగాయలు పండించి కుటుంబం జీవించవచ్చునని వారు చూపినారు. ఆ అనుభవాలతో ఫోర్టియే వ్రాసిన పుస్తకం 2012లో ఫ్రెంచి భాషలో వెలువడినది.

దీనికి సమీప బంధువు యూ-బార్. కాలిఫోర్నియాకు చెందిన జాన్ జెవన్స్ మొదట రెండు పారల లోతున నేలను తవ్వే పద్ధతిని బోధించాడు. నేల గుల్లబారిన తరువాత ఏటేటా అంత లోతు తవ్వకుండా, సుమారు 45 సెంటీమీటర్ల పళ్ళు గల యూ-బార్‌తో వదులు చేస్తే సరిపోతుందని ఆయన సూచించాడు.

మట్టిని తిరగవేయకపోవడం ఎందుకు?

పంటకు అనువైన నేలలో ఘనపదార్థం ఆక్రమించేది సుమారు సగం చోటు మాత్రమే. మిగిలిన సగం రంధ్రాలు. పెద్ద రంధ్రాల గుండా గాలి ఆడుతుంది, వాననీరు లోనికి దిగుతుంది. సన్నని రంధ్రాలు ఆ నీటిని పట్టి ఉంచి వేర్లకు అందిస్తాయి. మనుషులు, పశువులు, యంత్రాలు తొక్కినప్పుడు మొదట నశించేవి పెద్ద రంధ్రాలే. అప్పుడు నీరు పైననే నిలుస్తుంది, వేర్లు లోతుకు పోలేక పక్కలకు పాకుతాయి. నేలలోకి కొలమాన ముల్లును గుచ్చినప్పుడు ఎదురయ్యే నిరోధం సుమారు 2 మెగాపాస్కళ్ళు దాటితే చాలా పంటల వేర్ల పెరుగుదల బాగా మందగిస్తుంది.

గట్టిపడిన నేలకు అలవాటైన చికిత్స దున్నడం. దున్నిన వెంటనే మట్టి మెత్తగా కనబడుతుంది, ఇది నిజమే. కాని మట్టి అనేది పొడి కాదు. మట్టి రేణువులను వేర్లు, శిలీంధ్ర తంతువులు, సూక్ష్మజీవుల జిగురు పదార్థాలు కలిపి చిన్న చిన్న గుళికలుగా నిలబెడతాయి. నాగలి ఈ అల్లికను కొంతవరకు చెదరగొడితే, తిరిగే కత్తులు గల రోటవేటర్ దానిని పిండి చేస్తుంది. అలా పిండి అయిన మట్టి మీద వాన పడగానే సన్నని రేణువులు రంధ్రాలలో చేరి, ఆరిన తరువాత పైన పెచ్చు కడుతుంది. మొలకలు ఆ పెచ్చును చీల్చుకొని రాలేవు. ఎప్పుడూ ఒకే లోతున దున్నడం వలన ఆ లోతు కింద ఒక గట్టిపొర కూడా ఏర్పడుతుంది. ఆస్ట్రేలియాకు చెందిన ఆర్థర్ క్లిఫర్డ్ హోవర్డ్ 1912లో ప్రయోగాలు ప్రారంభించి, 1920లో పేటెంటు పొందిన తిరుగుడు సేద్యయంత్రం నుండి వచ్చినదే నేటి రోటవేటర్. శ్రమను తగ్గించడంలో దానికి సాటి లేదు. నష్టమల్లా ఆ సౌకర్యం కోసం ప్రతి పంటకు రెండుమూడు సార్లు నేలను చిలకడంలోనే ఉన్నది.

మట్టి తిరగబడితే మరికొన్ని మార్పులు జరుగుతాయి. లోతున ఉన్న సేంద్రియ పదార్థానికి ఒక్కసారిగా గాలి తగిలి అది త్వరగా కుళ్ళి కరిగిపోతుంది. వేడి ప్రాంతాలలో ఇది మరింత వేగంగా జరుగుతుంది. నిలువు బొరియలలో ఉండే వానపాముల నివాసాలు కూలిపోతాయి. చాలా రకాల కలుపు గింజలు చీకటిలో ఏళ్ళ తరబడి నిద్రాణంగా ఉండగలవు. పైకి వచ్చి క్షణకాలం వెలుతురు సోకితే చాలు, అవి మొలకెత్తడానికి సిద్ధమవుతాయి. కాబట్టి కలుపు తీయడానికి దున్నినవాడు మరుసటి విడత కలుపును తానే విత్తుకుంటున్నట్లు. బ్రాడ్‌ఫోర్క్ పై మట్టిని పైనే, కింది మట్టిని కిందనే ఉంచి పగుళ్ళు మాత్రం కల్పిస్తుంది.

నిర్మాణం, పనిచేసే సూత్రం

సాధారణంగా పళ్ళు నాలుగు నుండి ఏడు వరకు, వాటి పొడవు 25 నుండి 40 సెంటీమీటర్ల వరకు ఉంటాయి. కోల్‌మన్, ఫోర్టియే వంటివారు 75 సెంటీమీటర్ల వెడల్పు గల మడులను వాడతారు. అందుకు తగినట్లు పనిముట్టు వెడల్పు కూడా ఇంచుమించు అంతే, లేదా కొంత తక్కువ ఉంటుంది. పిడులు కర్రవి గాని ఇనుపవి గాని కావచ్చును. గ్రెలిన్ నమూనాలో పళ్ళు వంపు తిరిగి ఉంటాయి. పిడులను వెనుకకు లాగినప్పుడు ఈ వంపు మీద పనిముట్టు దొర్లినట్లు కదులుతుంది. తిన్నని పళ్ళు గట్టి నేలలో దిగడానికి బాగుంటాయి గాని లేపేటప్పుడు ఎక్కువ బలం కోరుతాయి.

ఇది మొదటి తరగతి తులాదండం. నేలకు ఆనిన అడ్డకమ్మీ ఆధారం, పిడుల కొనల వద్ద బలం, పళ్ళ మీద ఉన్న మట్టి భారం. రాయి కింద గడ్డపార దూర్చి, చిన్న రాతిని ఆపుగా పెట్టి లేపే పద్ధతి ఇదే. పిడులు 120 సెంటీమీటర్లు, పళ్ళు 30 సెంటీమీటర్లు అనుకుంటే, చేతులు వేసే బలం పళ్ళ కొనల వద్ద దాదాపు నాలుగు రెట్లు అవుతుంది. నడుము వంచి పారతో మట్టిని ఎత్తి వేయనవసరం లేదు. అందువలన వయసు మళ్ళినవారు కూడా దీనిని తగు మాత్రంగా వాడగలరు.

వాడే విధానం

పదును చూచుకోవడం అన్నిటికన్నా ముఖ్యం. పళ్ళు దిగే లోతు నుండి గుప్పెడు మట్టి తీసి పిసికినప్పుడు ముద్ద కట్టి, వేలితో నొక్కగానే విడిపోతే అది తగిన పదును. విడిపోక చేతికి అంటుకుంటే పని వాయిదా వేయవలెను. తడి బంకమట్టిలో పళ్ళు దించితే మట్టి పగలదు. పళ్ళు తగిలిన చోట్ల మట్టి పూసినట్లై నునుపైన గోడలు ఏర్పడతాయి, వేర్లు వాటిని దాటలేవు. మరీ ఎండిన నేలలో పళ్ళు అసలు దిగవు. అట్టి నేలను ముందుగా తడిపి, ఒకటి రెండు రోజులు ఆరనివ్వవలెను.

మడి ఒక చివర నిలబడి పళ్ళను నిలువుగా ఆనించి, పిడులు పట్టుకొని అడ్డకమ్మీ మీద కాళ్ళు మోపి ఎక్కుతారు. శరీరాన్ని మెల్లగా అటూ ఇటూ ఊపితే పళ్ళు లోపలికి దిగుతాయి. తరువాత కిందికి దిగి, పిడులను తనవైపు లాగుతారు. మట్టి ఉబ్బి పైన పగుళ్ళు కనబడగానే ఆపవలెను. పిడులను నేల దాకా వంచి మట్టిని బోర్లా వేస్తే ఈ పనిముట్టు ఉద్దేశమే దెబ్బతింటుంది. పళ్ళు బయటకు తీసి, 15 నుండి 20 సెంటీమీటర్లు వెనుకకు జరిగి మళ్ళీ అదే చేయాలి. ఎల్లప్పుడూ వెనుకకు నడవడం వలన వదులైన మట్టిని తొక్కకుండా ఉండవచ్చును. ఆపైన కంపోస్టు గాని, బాగా మాగిన పశువుల ఎరువు గాని పరచి, పైపైన దంతెతో సరిచేసి విత్తుతారు, లేదా నారు నాటుతారు.

గరిక వంటి మొండి కలుపు ఉన్నచోట ఇది మరొక విధంగా ఉపకరిస్తుంది. రోటవేటర్ గరిక కాడలను ముక్కలు చేస్తే ప్రతి ముక్కా ఒక కొత్త మొక్క కాగలదు. బ్రాడ్‌ఫోర్క్‌తో మట్టిని లేపినప్పుడు కాడలు పొడవుగానే చేతికి వస్తాయి. తుంగ విషయంలో ఇంత ఫలితం ఆశించరాదు, దాని గడ్డలు తెగి లోపల మిగిలిపోతాయి.

నేలల తారతమ్యం

అన్ని నేలలకు ఇది ఒకే విధంగా పనికిరాదు. తెలంగాణ, రాయలసీమలలోని నల్లరేగడి ఎండాకాలంలో తనంత తానే లోతుగా నెర్రెలు విచ్చుతుంది. పైమట్టి ఆ నెర్రెలలో పడి, వాన వచ్చాక నేల ఉబ్బి మూసుకుంటుంది. తనను తాను దున్నుకునే ఇటువంటి నేలకు బ్రాడ్‌ఫోర్క్ అవసరం తక్కువ, పైగా దానిలో తగిన పదును ఉండే రోజులు కూడా కొద్దే. చల్క నేలలు, ఎర్రనేలలు ఎండినప్పుడు రాయిలా బిగుస్తాయి. సేంద్రియ పదార్థం తక్కువగా ఉన్నందున వదులు చేసిన మట్టి కొన్ని వానలకే మళ్ళీ కూరుకుపోతుంది. అటువంటి చోట పనిముట్టుతో పాటు ఎరువు, ఆకుల కప్పు, జనుము వంటి పచ్చిరొట్ట పైర్లు ఉంటేనే ప్రయోజనం నిలుస్తుంది. బ్రాడ్‌ఫోర్క్ చేసిన పగుళ్ళలోకి వేర్లు చొచ్చుకుపోయి, అవి కుళ్ళినప్పుడు మిగిల్చే సన్నని గొట్టాలే నిజంగా నిలిచే రంధ్రాలు. రాళ్ళు ఎక్కువగా ఉన్న నేలలోను, పెద్ద చెట్ల వేర్లు పరచుకున్న చోటను పళ్ళు వంగిపోయే ప్రమాదం ఉన్నది. డ్రిప్పు గొట్టాలు పాతిన మడులలో వాటిని ముందే తొలగించవలెను.

భిన్నాభిప్రాయాలు

అసలు తవ్వనే వద్దనేవారు ఈ మాత్రం కదిలింపు కూడా అనవసరమని వాదిస్తారు. ఇంగ్లండుకు చెందిన చార్లెస్ డౌడింగ్ ఏటా నేల మీద కంపోస్టు పరచి, లోపలి పని వానపాములకు వదిలివేయాలని చెబుతాడు. జపాను రైతు మసనోబు ఫుకుఓకా కూడా దున్నకపోవడాన్నే తన సేద్యానికి మొదటి సూత్రంగా పెట్టుకున్నాడు. జీవం నిండిన నేల విషయంలో ఈ వాదన సబబైనదే. కాని ఏళ్ళ తరబడి తొక్కబడిన ఇంటి స్థలాన్నో, ట్రాక్టరు కింద నలిగిన చెలకనో మడులుగా మార్చేటప్పుడు వానపాముల కోసం వేచి ఉంటే కొన్ని పంటలు పోతాయి. అందుచేత చాలామంది మొదటి సంవత్సరాలలో బ్రాడ్‌ఫోర్క్‌ను ప్రతి పంటకు ముందు వాడి, నేల మెరుగుపడిన కొద్దీ ఏడాదికి ఒకసారికి తగ్గిస్తారు. పళ్ళు కాలి బరువుకే సులువుగా దిగుతున్న మడిని మళ్ళీ కదిలించవలసిన పని లేదు.

విస్తీర్ణం దీనికి ఉన్న మరొక హద్దు. కొద్ది సెంట్ల పెరటికి ఇది సరిపోతుంది, ఎకరాలకు ఎకరాలు పైరు వేసే రైతుకు పనికిరాదు. కుండీలలో పెంచే మిద్దెతోటలలో దీనికి చోటే లేదు. దుంపలు తీయడానికి మాత్రం పెద్ద మడులలోనూ పనికి వస్తుంది. క్యారెట్టు, వెల్లుల్లి, చిలగడదుంప వరుసల పక్కన పళ్ళు దించి లేపితే దుంపలు తెగకుండా పైకి వస్తాయి. పని ముగిసిన తరువాత పళ్ళకు అంటిన మట్టిని తుడిచి, కర్ర పిడులకు అప్పుడప్పుడు నూనె రాసి నీడలో ఉంచితే పనిముట్టు చాలా ఏళ్ళు మన్నుతుంది.