పైకి గాయం లేదు

నేను నర్సును. బండి మీద నుంచి పడ్డ పిల్లల్ని చూసుకోవడం నా పని. ఎక్కువ మంది పదహారు, పద్దెనిమిది, ఇరవై ఏళ్ల వాళ్లే.

మొయినాబాద్, చేవెళ్ల మీదుగా పోయే బీజాపూర్ రోడ్డు మనకు తెలిసిందే. 2024 డిసెంబర్ 2న ఆలూరు దగ్గర, రోడ్డు పక్కన కూరగాయలు అమ్ముకునేవాళ్ల మీదికి లారీ వచ్చింది. 2025 నవంబర్ 3న మీర్జాగూడ దగ్గర ఆర్టీసీ బస్సు, కంకర టిప్పర్ గుద్దుకున్నాయి. 19 మంది పోయారు. వాళ్లలో పట్నం చదువుకు పోయే ఆడపిల్లలు ఉన్నారు. ఈ వార్తలు అందరూ విన్నారు. బండి మీద ఒక్కడే పోయి పడ్డ పిల్లాడి సంగతి మాత్రం పేపర్లో రాదు.

వేగం అంటే ఎంత? గంటకు 60 కిలోమీటర్లు పోయే బండి ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు పోతుంది. మూడు చీరలు వరుసగా పరిస్తే ఎంత పొడవో అంత. ముందు గేదె కనబడి, పిల్లాడు బ్రేకు తొక్కేలోపే ఆ దూరం అయిపోతుంది.

కింద పడితే తల ఆగిపోతుంది. లోపలి మెదడు ఆగదు. పోయి ఎముకకు తగులుతుంది. లోపల నరం తెగి రక్తం కారుతుంది. పుర్రె సాగదు కదా, ఆ రక్తం మెదడునే నొక్కుతుంది. పైకి గాయం ఉండకపోవచ్చు. పిల్లాడు లేచి నడవొచ్చు, నీళ్లు అడగొచ్చు. కొన్ని గంటల తరువాత వాంతి, మత్తు మొదలవుతాయి.

అందుకే మేము రాత్రంతా లేపుతాం. పేరు అడుగుతాం. కంట్లో టార్చి వేస్తాం. "పండుకోనియ్యి సిస్టర్, అలిసిపోయిండు" అని తల్లులు కోప్పడతారు. వాళ్ల బాధ నాకు తెలుసు. కానీ అది నిద్రో మత్తో లేపితేనే తెలుస్తుంది.

హెల్మెట్ దెబ్బను తగ్గిస్తుంది. గడ్డం కింద పట్టీ పెట్టకపోతే అది ముందే ఎగిరిపోతుంది. మన పిల్లలేమో దాన్ని హ్యాండిలుకు తగిలిస్తారు. పోలీసు కనబడితే నెత్తికెక్కుతుంది!

బండి తాళం ఎవరి చేతిలో ఉంది? 18 ఏళ్లు నిండని పిల్లాడు గేరు బండి నడపకూడదు. 2019లో చట్టం మారింది. మైనరు నడిపి తప్పు చేస్తే తల్లిదండ్రులకో, బండి యజమానికో 25 వేల రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు.

ఎవరైనా పడితే గుంపుగా చేరి ఎత్తకండి. మెడ వంచకండి. స్పృహ లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయకండి. రక్తం కారేచోట శుభ్రమైన బట్ట పెట్టి గట్టిగా అదమండి. కేసవుతుందని భయపడొద్దు. సాయం చేసినవాళ్లను పేరు చెప్పమని బలవంతం చేయకూడదని కూడా ఆ చట్టం కింద వచ్చిన నిబంధనలే చెబుతున్నాయి.

108కి ఫోను చేయండి. ఏ ఊరి గేటు దగ్గరో చెప్పండి. పక్కన కిలోమీటరు రాయి ఉంటే, దాని మీది పేరు, అంకె చదివి చెప్పండి. బండి తిన్నగా అక్కడికే వస్తుంది.